ఒక బిడ్డకు ఒక మనిషి

ఎర్రగుట్టపల్లెలో తల్లిదండ్రులకు బుద్ధులు చెప్పే పని ఓబులమ్మకు అప్పజెప్పినప్పుడు ఊరు ఊరంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఒక్క కాన్పు కూడా ఎరగని మనిషి, నలుగురైదుగురిని కని పెంచినవాళ్ల గడపల్లో కూర్చుని, మీ బిడ్డ ఆడుతుంటే మీరెట్లా మెలగాలో చెప్తానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. అయితే ఆ నవ్వినవాళ్లలో సగం మంది ఏడాది తిరక్కుండానే ఆమె చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. మిగిలిన సగం నేర్చుకోలేదు గానీ, నవ్వడం మాత్రం మానేశారు.

ఆ ఊరు సోమందేపల్లెకు పడమర, నడిస్తే గంట దారి. ఓబులమ్మ అక్క అంజనమ్మను అక్కడే ఇచ్చారు. అంజనమ్మ రెండో కాన్పు కష్టమై, పుట్టిన బిడ్డతో సహా పోయింది. అప్పటికి ఆమె కొడుకు మద్దిలేటికి ఊహ తెలిసిన వయసు. బిడ్డ పరాయి చేతిలో పడకూడదని పెద్దవాళ్లు కూడబలుక్కుని చెల్లెలు ఓబులమ్మను అదే ఇంటికి, అదే మనిషికి ఇచ్చారు. అప్పటిదాకా చిన్నమ్మ వస్తే ఒళ్లోంచి దిగని పిల్లవాడు, ఆ చిన్నమ్మే వాళ్లమ్మ పొయ్యి ముందు కూర్చునేసరికి మూగవాడైపోయాడు. పెట్టింది తినేవాడు, చెప్పింది చేసేవాడు. తనంత తానుగా ఒక్క మాట కూడా ఎత్తేవాడు కాదు.

భర్త ఎర్రప్పకు కూడా మాటలు తక్కువే. కానీ చేనినుంచి వస్తూ వస్తూ ఆమె నెత్తిమీది మోపు అడక్కుండానే దించుకునేవాడు. ఆమెకు అతడంటే ఇష్టం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బిడ్డ కోసం అక్క మొగుణ్ణి కట్టుకుందని ఊరంతా జాలిపడుతుంటే, అయ్యా నాకు ఇష్టమే అని చాటింపు వేసుకుంటుందా? డెబ్బై తొమ్మిదిలో వేసిన శనక్కాయ వేసినట్టే ఎండిపోయింది. ఎర్రప్ప నలుగురితో కలిసి బెంగుళూరుకు మేడలు కట్టే పనికి పోయాడు. "వాన పడితే వస్తా" అన్నాడు. మరుసటి ఉగాదికి వచ్చి, కొడుక్కు ఒక చొక్కా ఇచ్చి, వాడు చెడుగుడు ఆడతాడని విని, "మళ్లీ వచ్చినప్పుడు నీ ఆట చూస్తాలేరా" అన్నాడు. ఆ తర్వాత వానలు పడ్డాయి, మానాయి, మళ్లీ పడ్డాయి. మనిషి మాత్రం రాలేదు.

ఆ చెడుగుడు జయరాముడు పెట్టినది. పట్టాళంలో హవల్దారుగా చేసి దిగివచ్చిన మనిషి. పిత్రార్జితంగా వచ్చిన గులకరాళ్ల నేలలో రాళ్లేరి, చదును చేసి, చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని పోగుచేశాడు. ఏ వీధి పిల్లలైనా ఒకే కడవలో నీళ్లు ముంచుకుని తాగాలన్నాడు. ఆటలో తీర్పు చెప్పేవాడు ఉండడన్నాడు. అవతలివాడి చెయ్యి తగిలిందా, తగిలినవాడే చెయ్యెత్తి బయటికి నడవాలి. "చూసేవాడు ఉంటే నిజం చెప్పేది ఏమి గొప్పప్పా? ఎవురూ చూడనప్పుడు చెప్పల్ల" అనేవాడు.

పిల్లలు వారం రోజుల్లో దానికి అలవాటు పడ్డారు. తలనొప్పంతా కన్నవాళ్లతోనే. శనక్కాయ పీకినాక, చేలు ఖాళీ అయ్యాక, ఆదివారాలు ఊరికీ ఊరికీ పోటీ పెట్టాడు జయరాముడు. మొదటి పోటీలోనే నల్లమ్మ కొడుకు నిజాయితీగా చెయ్యెత్తాడు. నల్లమ్మ గీత దాటి లోపలికి దూకింది. "తగల్లేదు గదరా, నా కండ్లతో చూసినా, దించరా చెయ్యి!" అని కొడుకును ఒక గుద్దు గుద్ది, అవతలి పిల్లవాడి జుట్టు పట్టుకుంది. ఆ పిల్లవాడి తల్లి వచ్చి నల్లమ్మ జుట్టు పట్టుకుంది. మగవాళ్లు పంచెలు ఎగగట్టారు.

పిల్లలకు నీళ్లు మోసుకొస్తున్న ఓబులమ్మ నేరుగా మధ్యలోకి పోయి కడవెడు నీళ్లూ ఆ ఇద్దరాడవాళ్ల నెత్తిన బోర్లించింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. బెదిరి కాదు. అది ఎండిన కాలం. బావిలో గిన్నెతో తోడి నింపిన కడవ. అన్ని నీళ్లు కళ్లముందే మట్టిలో ఇంకిపోతున్నాయి. జుట్లు వదిలేసి ఆ ఇద్దరు తల్లులూ తడి నేల వంక చూస్తూ నిలబడ్డారు. "మీ కొట్లాటకు ఈ పొద్దు పిల్లోళ్లు దూపతో ఆడల్ల. సంతోషమేనా?" అని ఓబులమ్మ ఖాళీ కడవ చంకన పెట్టుకుని బావి దారి పట్టింది.

ఆ సాయంత్రం జయరాముడు ఆమె గడప ముందుకు వచ్చాడు. "ఓబులమ్మా, నేను చెప్తే పట్టాళంలో అరిసినట్టుంటాదంట. ఎవురూ వినరు. పెద్దోళ్లకు చెప్పే పని నువ్వు చేయల్ల" అన్నాడు.

"నాకేం తెల్సు జయరామన్నా? నేనెప్పుడన్నా ఆడితినా, కంటినా?"

"అందుకేమ్మా. నీకు పక్షం లేదు" అన్నాడు అతడు. ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా సరేనంది.

ఇద్దరూ కలిసి పెట్టిన కట్టుబాటు ఇది. పెద్దవాళ్లు తమంతట తాము ఆటకు రాకూడదు. బిడ్డే వచ్చి, చెయ్యి పట్టుకుని, వీధిలో నడిపించుకుని తీసుకుపోవాలి. ఒక బిడ్డకు ఒక మనిషే. వచ్చినవాళ్లు అవతలి ఊరి తల్లిదండ్రుల మధ్య కూర్చోవాలి, తమవాళ్ల పక్కన కాదు. గెలిచినా ఓడినా అరవకూడదు. మొదట్లో పిల్లలు వారానికొక మనిషిని తెచ్చేవారు. ఒక పిల్లవాడు నాయనను కాదని, కొత్త నిక్కరు కొనిపెట్టిన మేనమామను తెచ్చేసరికి బావాబావమరుదులు మాటలు మానుకున్నారు. దాంతో ఇంకో మాట కలిపారు: ఒకసారి పిలిచాక మార్చేది లేదు.

పశువులు ఇళ్లకు చేరే వేళ ఓబులమ్మ బయలుదేరేది. వక్కాకు నములుతూ ఒక్కో గడప దగ్గర కూర్చునేది. అందరిలోకి మొండిఘటం వీరప్ప. ఆడపిల్లలకు పెట్టిన ఖోఖోలో ఆయన కూతురు అందరికంటే ముందుంటుంది గానీ, ఈ కట్టుబాటు వినగానే ఆయన మీసం లేచి నిలబడింది.

"నా కూతురు నన్ను పిలవల్లనా? నేను పోతానంటే అడ్డమొచ్చేదెవురు?"

"ఎవురూ రారు వీరప్పన్నా. ఇంట్లో నీ మాటే. ఆ గీత కాడ మాత్రం దాని మాట. నీ కూతురు నిన్ను పిలవదని భయమా?"

"నాకా? భయమా?"

"లేకుంటే ఊరికే ఉండు. పిలుస్తాదిలే."

వీరప్ప ఊరికే ఉండలేదు. ఆ వారమంతా కూతురి చుట్టూ తిరిగాడు. తిట్టాల్సిన చోట దగ్గాడు. సంగటిలోకి నెయ్యి కూడా వేయించాడట. ఆదివారం ఆ పిల్ల వచ్చి "నాయనా, పోదాం పా" అని చెయ్యి పట్టుకునేసరికి, పెళ్లినాటి రుమాలు చుట్టుకుని, చూసినవాళ్లనూ చూడనివాళ్లనూ పలకరించుకుంటూ, వీధిలో దేవుడి ఊరేగింపు అంత నెమ్మదిగా నడిచాడు. అవతలి ఊరివాళ్ల మధ్య గట్టిగా నోరు మూసుకుని కూర్చున్నాడు. అలా ఒక్కొక్క గడపా దారికి వచ్చింది.

ఓబులమ్మ గడపకు మాత్రం పిలుపు రాలేదు. ఆదివారం వస్తే ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఇంట్లో పని ఏమీ లేకపోయినా ఉన్నట్టు అటూ ఇటూ తిరిగేది. మద్దిలేటి వచ్చేవాడు, చెంబెడు నీళ్లు తాగేవాడు, పోయేవాడు. "నిన్నెప్పుడు పిలుస్తాడే వాడు?" అని నల్లమ్మ అడిగితే, "నాకు తీరిక యాడుండాది?" అని నవ్వేసేది. ఊరందరి పిల్లలూ ఎవరో ఒకరిని పిలిచారు. ఒకడైతే చూపు ఆనని అవ్వను కూడా తీసుకుపోయాడు. ఈ పిల్లవాడొక్కడే ఎవరూ లేకుండా ఆడతాడు.

తనకు కడుపు పండలేదన్న బాధ కంటే ఇది ఎక్కువగా కోసేది ఆమెను. సిగ్గు విడిచి ఎరలు కూడా వేసింది. శనివారాలు బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. పొరుగింటి అరుగు మీద కూర్చుని వాడికి వినబడేంత గొంతుతో, "కన్నోళ్లే కానక్కరలేదు, ఇంట్లో ఎవురినైనా పిలవచ్చు" అని కట్టుబాటును విడమరిచి చెప్పింది. మద్దిలేటి ఓళిగలు తిన్నాడు, కట్టుబాటు విన్నాడు, ఒంటరిగానే పోయాడు. వాళ్లమ్మ చోటులో తను కూర్చోవడం వాడు ఇంకా క్షమించలేదని ఓబులమ్మ అనుకుంది. ఎన్నేళ్లు ఎదురుచూస్తే ఒక పిల్లవాడి మనసు మెత్తబడుతుందో ఆమెకు ఎవరు చెప్తారు? ఊరికంతా చెప్పేది ఆమే కదా.

అట్లాంటి ఒక ఆదివారం పొద్దున ఆమె ఉప్పూ మిరపకాయలూ కొనే పని పెట్టుకుని సోమందేపల్లెకు పోయింది. ఉప్పు దొరికేది వీధి లోపల. ఆమె కాళ్లు మాత్రం పెద్ద రోడ్డు మీద బెంగుళూరు బస్సు ఆగే చోటికి తీసుకుపోయాయి. పోయిన ప్రతిసారీ అక్కడికే పోయేవి. టీ అంగడి వెనక, ఎవరికీ అగపడకుండా నిలబడి, బస్సు దిగేవాళ్లను చూసి, బస్సు పోయాక ఉప్పు కొనుక్కుని ఇంటికి పోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు అంగడి ముందు మద్దిలేటి నిలబడి ఉన్నాడు.

బస్సు వచ్చింది. వాడు దిగేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. దిగడం అయిపోయాక బస్సు పక్కనే నడుస్తూ కిటికీల్లోకి చూశాడు. బస్సు కదిలి, దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే ఉన్నాడు. ఆ తర్వాత నిక్కరు పైకి లాక్కుని, ఊరి దారిన పరుగెత్తాడు. మధ్యాహ్నం పోటీ ఉంది.

"ఆ పిల్లోడు ఎవురప్పా?" అని ఓబులమ్మ తనకు తెలియనట్టు టీ అంగడాయన్ను అడిగింది.

"ఎవురోమ్మా. ఆట ఉండే ప్రతి ఆదివారం వస్తాడు. వాళ్ల నాయన చూడనీకి వస్తానన్యాడంట. ఇంగెవురినన్నా పిలిస్తే మార్చేదానికి లేదంట, నాయనకని పెట్టినాడంట ఆ జాగా" అని ఆయన గ్లాసులు కడుక్కున్నాడు.

ఓబులమ్మకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులో సంతోషం కూడా కలిసి ఉంది. వాడు తన మీద కోపంతో ఒంటరిగా ఆడటం లేదు. ఈ భూమ్మీద ఆ మనిషి కోసం దారి చూసేది తనొక్కతే అనుకుంది, ఇంకొకరున్నారు. ఆ పూట ఆమె ఉప్పు కొనడం మరచిపోయి ఇంటికి వచ్చి, మళ్లీ పోవలసి వచ్చింది.

వాడితో ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే తను కూడా అక్కడికి ఎందుకు పోయిందో చెప్పాలి. కానీ ఆనాటినుంచి ఓళిగలు మానేసింది, అరుగుల మీద గట్టిగా మాట్లాడటం మానేసింది. ఇళ్ల దగ్గర ఆమె చెప్పే తీరు కూడా మారింది. కూతురు తనను కాదని వాళ్లవ్వను పిలిచిందని ఒక తల్లి కన్నీళ్లు పెట్టుకుంటే, పక్కన కూర్చుని, "పిలవలేదంటే ఇష్టం లేదని కాదు తల్లీ. వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. మనకు కనపడవు" అంది. ఆదివారం మద్దిలేటి నీళ్లు తాగి ఒంటరిగా గడప దాటుతుంటే ఇప్పుడు ఆమెకు ఒక రకమైన ధైర్యం కలిగేది. వాడు ఇంకా జాగా ఉంచాడు. ఉంచాడంటే ఎర్రప్ప రావడానికి ఇంకా వీలుంది.

ఎనభై నాలుగులో, ఎండాకాలం, బెంగుళూరు పోయినవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. ఎర్రప్ప అక్కడ ఒక గుడిసె వేసుకున్నాడని, ఇంట్లో ఒక మనిషి, ఆమె చంకలో ఒక బిడ్డ ఉన్నారని, కనిపిస్తే మొహం తిప్పుకున్నాడని చెప్పారు. బావి దగ్గర ఆడవాళ్లు ఓబులమ్మను చూసి మాట మింగేశారు. మింగకముందే ఆమెకు వినబడింది. ఇంటికి వచ్చి కడవ దించి, పొయ్యి వెలిగించి, అంతా అబద్ధమని తనకు తాను చెప్పుకుంది. ఎర్రప్పలాంటి మనుషులు బెంగుళూరులో ఎంతమంది లేరు! మద్దిలేటి చెవిన పడకూడదని మాత్రం మొక్కుకుంది. వాడు ఆ పూట ఆకలి లేదని ముద్ద ముట్టలేదు.

శనక్కాయ పీకారు. ఆదివారాలు మళ్లీ వచ్చాయి. మద్దిలేటి పొద్దున్నే ఎక్కడికో పోతూనే ఉన్నాడు. వాడికి పదహారు నిండుతున్నాయి. శివరాత్రి ముందు ఆడేదే వాడికి ఆఖరు ఆట. ఆ తర్వాత వాడూ పెద్దవాళ్లలో లెక్క.

ఆ ఆదివారం ఓబులమ్మ నట్టింట్లో కూర్చుని విత్తనం కాయలు వొలుస్తోంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. మద్దిలేటి లోపలికి వచ్చాడు. నీళ్ల చెంబు వైపు పోలేదు. ఆమె ముందు నిలబడ్డాడు.

"చిన్నమ్మా, లెయ్."

"ఏమిరా? ఆకలైతాండాదా?"

"ఆటకు పోదాం. రా."

ఈ మాట కోసం ఆమె ఎన్ని మొక్కులు మొక్కింది! ఆ తర్వాత, ఈ మాట ఎప్పటికీ రాకూడదని కూడా మొక్కింది. దేవుడు మొదటి మొక్కే విన్నాడు. చేతిలోని కాయలు ఒళ్లోకి జారిపోయాయి.

"ఇంగా పొద్దుండాది గదరా" అంది. "బస్సు వచ్చే వేళ కూడా కాలేదు."

నోరు జారిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. మద్దిలేటి ఆశ్చర్యపోలేదు.

"ఈ పొద్దు నేను పోలేదు. నువ్వూ పోవద్దు. నువ్వు టీ అంగడెనక నిలబడుకునేది నేను చూసినా చిన్నమ్మా. చానాసార్లు చూసినా."

ఆమెకు తల ఎత్తడానికి చేతకాలేదు. "ఒకసారి పిలిస్తే మార్చేది లేదురా. అందరికీ చెప్పేది నేనే గదా. రేపు మీ నాయన వచ్చి నా జాగా యాడరా అంటే ఏం చెప్తావు?"

"రాడు." వాడి గొంతు ఈ మధ్యే మగగొంతుగా మారింది. ఆ మాట ఎర్రప్పే అన్నట్టు వినబడింది. "నాకు తెల్సు. నీకూ తెల్సు. లెయ్."

ఓబులమ్మ లేచింది. ఉతికిన చీర కట్టుకోలేదు, తల దువ్వుకోలేదు. వాడు చెయ్యి చాస్తే పట్టుకుంది. వీధిలో వీరప్ప అరుగు మీదినుంచి లేచి నిలబడ్డాడు. నల్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "వచ్చినాడే నీ కొడుకు!" అని కేకేసింది. అందరూ ఆమె గెలిచిందనుకున్నారు. గెలిచింది కూడా. ఆమె చెయ్యి వాడి చేతిలో ఉంది, అది నిజం. అంత గట్టిగా ఆమె చెయ్యి ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. కానీ అడుగడుక్కూ, ఇంటికి పోయి తలుపు దగ్గర కూర్చుంటే ఇంకా ఆయన వస్తాడేమో అనిపిస్తోంది. ఈ పిల్లవాడితో ఇంకో నాలుగడుగులు వేస్తే ఇక రాడు. అయినా చెయ్యి వదిలించుకోలేదు. ఇంత చిన్న వయసులో అంత ఆశను ఒంటరిగా మోసి, ఒంటరిగానే దించుకుని వచ్చిన పిల్లవాడి చెయ్యి ఎట్లా వదులుతుంది?

ఆట జాగా దగ్గర వాడు ఆమెను అవతలి ఊరి తల్లిదండ్రుల వైపు తీసుకుపోయి వదిలి, తన జట్టు దగ్గరికి పోయాడు. ఓబులమ్మకు అక్కడ ఎవరూ తెలియదు. ఊరందరికీ కూర్చోవడం నేర్పిన మనిషికి ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. బాట కనిపించే చోట, ఒక పక్కగా, ఒదిగి కూర్చుంది. తనకు తెలియకుండానే పక్కన ఒక మనిషికి సరిపోయేంత జాగా వదిలింది.

ఆట మొదలు కాబోతుండగా, అవతలి ఊరి తల్లి ఒకామె కొడుకు వెంట ఎండలో నడిచొచ్చి, రొప్పుతూ ఆమె పక్కన నిలబడింది.

"ఈడ ఎవురన్నా వచ్చేదుండాదా అక్కా?"

ఓబులమ్మ బాట వైపు చూసింది. చివరిదాకా ఎండే కనబడింది.

"ఎవురూ లేరమ్మా" అంది. "కూర్చో."

వచ్చినామె కొంగు దులుపుకుని కూర్చుంది. మద్దిలేటి గీత దాటి కూతకు దిగాడు.